అడుగువారు లేని చెఱ

చరిత్రలో కొన్ని తేదీలు ప్రక్కప్రక్కనే నిలిచి ఒకదానినొకటి ప్రశ్నించుచుండును. 1948 డిసెంబరు 10వ తేదీన పారిస్ నగరమున కూడిన ఐక్యరాజ్య సమితి సర్వసభ విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించెను. అందలి తొమ్మిదవ అధికరణము మిక్కిలి చిన్నది. ఎవ్వరినైనను నిష్కారణముగా పట్టుటయు, చెఱయందుంచుటయు, దేశమునుండి వెడలగొట్టుటయు కూడదని దాని తాత్పర్యము. మఱునాడు డిసెంబరు 11వ తేదీన అదే నగరమున అదే సభ 194వ తీర్మానమును గావించెను. పాలస్తీనా యుద్ధములో ఇండ్లు విడిచిన కాందిశీకులలో, తిరిగి పోయి ఇరుగుపొరుగువారితో శాంతముగా బ్రతుకగోరువారిని పోనీయవలెనని ఆ తీర్మానము చెప్పినది. ఆ కాందిశీకులు 7 లక్షలకు పైబడియుండిరి. మొదటి దినమున సభ మనుష్యమాత్రునకు హక్కు ప్రసాదించినది. రెండవ దినమున ఆ హక్కును తమ తరపున అడిగిపెట్టు ప్రభుత్వమేదియు లేని జనసమూహము దాని యెదుట నిలిచినది. ఈ రెండు దినముల నడుమ నున్న అగాధమునుగూర్చియే నేడు మేము ముచ్చటింపదలచినాము.

ఒకనిని పరదేశమున పోలీసులు పట్టుకొనిరనుకొందము. అతడు దోషి కావచ్చును, నిర్దోషి కావచ్చును. ఆ సంగతి తేల్చుటకు న్యాయస్థానము కలదు. కాని న్యాయస్థానము గడప తొక్కుటకు ముందే మఱియొక ప్రశ్న కలదు. వాడెక్కడ నున్నాడని అడుగువారెవరు? 1963లో వియన్నా నగరమున కుదిరిన కాన్సులర్ సంబంధముల ఒడంబడికలో 36వ అధికరణము ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది. పరదేశీయుని బంధించిన ప్రభుత్వము, అతడు కోరినచో, అతని దేశపు కాన్సలుకు ఆలస్యము లేక తెలుపవలెను. కాన్సలు చెఱసాలకు పోయి అతనిని చూడవచ్చును, మాటాడవచ్చును, వకీలును కుదుర్పవచ్చును. చూచుటకిది చిన్న యేర్పాటు. కాని చెఱసాల తలుపు తట్టు చేయి ఇదియే. ఈ అధికరణమంతయు ఒక్క ఊహపై నిలిచియున్నది. ప్రతి మనుష్యునకు ఒక దేశము కలదన్నదే ఆ ఊహ.

పాలస్తీనీయుల విషయమున ఆ ఊహ నిలువలేదు. వారికి సహాయము చేయుటకై ఐక్యరాజ్య సమితి 1949 డిసెంబరులో ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. అది 1950 మే నెలనుండి జోర్డాను, లెబనాను, సిరియా దేశములందును, జోర్డాను నది పశ్చిమ తీరమునను, గాజాయందును అన్నము పెట్టినది, బడులు పెట్టినది, వైద్యము చేయించినది. కాని అది ప్రభుత్వము కాదు. పాస్‌పోర్టు నీయజాలదు, రాయబారిని పంపజాలదు. 1951లో జెనీవాలో కుదిరిన కాందిశీకుల ఒడంబడిక, సమితికి చెందిన వేఱొక సంస్థ సహాయము పొందుచున్నవారిని తన పరిధినుండి తొలగించినది. జోర్డాను తన యేలుబడిలోనున్న పాలస్తీనీయులకు 1954 నాటి శాసనముతో పౌరసత్వ మొసగెను. లెబనాను, సిరియాలు ప్రయాణపత్రములతో సరిపుచ్చినవి. గాజావారికి ఈజిప్టు కూడ ప్రయాణపత్రమిచ్చినది గాని, అది చేతనున్నవాడు వేఱుగా వీసా లేనిదే ఈజిప్టులో అడుగుపెట్టజాలడు. ఇచ్చిన దేశమునకే తిరిగిపోనీయని పత్రమది!

ఇట్టి పత్రములతో పాలస్తీనీయులు బ్రతుకుతెరువు వెదకుకొనుచు పోయిన దేశములలో కువైట్ ముఖ్యమైనది. 1936లోనే పాలస్తీనానుండి ఉపాధ్యాయులను పిలిపించి ఆ చిన్న రాజ్యము తన బడులను తీర్చిదిద్దుకొన్నది. 1946లో చమురు ఎగుమతి మొదలైన పిమ్మట వైద్యులు, ఇంజనీర్లు, గుమాస్తాలు, మేస్త్రీలు వేలకు వేలుగా చేరిరి. యాసర్ అరాఫత్ అచ్చట ఇంజనీరుగా పనిచేసెను. రచయిత ఘస్సాన్ కనఫానీ అచ్చటి బడిలో ఉపాధ్యాయుడుగా నుండెను. పనికై దొంగతనముగా కువైట్ చేరబోయి, లారీపైనున్న ఖాళీ నీళ్ళ తొట్టిలో ఊపిరాడక చచ్చిన మువ్వురు పాలస్తీనీయుల కథను అతడు 1963లో నవలగా ప్రకటించెను. 1990 నాటికి కువైట్‌లో పాలస్తీనీయులు నాలుగు లక్షలకు సమీపించిరి. వారిలో ననేకులు అచ్చటనే పుట్టి పెరిగినవారు. అయినను పౌరులు కారు. వారి నివాసమంతయు అకామా కాగితముపైనను, కఫీలు పూచీపైనను ఆధారపడియుండెను. ఈ రెండు మాటల బరువు కడప, గోదావరి ప్రాంతములనుండి గల్ఫునకు పోయివచ్చినవారికి మేము విడమరచి చెప్పనక్కఱలేదు.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైట్‌ను ఆక్రమించెను. ఆనాడు అచ్చట లక్షన్నరకు పైగా భారతీయులుండిరి. వారిలో తెలుగువారును అనేకులు. మన విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ ఆ నెలలోనే బాగ్దాదుకు పోయి సద్దాం హుస్సేనుతో మాటాడెను. మనవారు బస్సులలో ఇరాకు మీదుగా జోర్డాను రాజధాని అమ్మాను చేరిరి. అచ్చటినుండి ఎయిర్ ఇండియా విమానములు రెండు నెలలలో లక్షకు పైగా జనమును స్వదేశమునకు చేర్చినవి. కూడబెట్టుకొన్నదంతయు పోయినను, పోవుటకు ఒక యూరు, రమ్మని పిలుచుటకు ఒక ప్రభుత్వము మనవారికుండెను. అదే ఎడారిలో అదే మాసమున పాలస్తీనీయుడు ఏ విమానమునకై ఎదురుచూడవలెను? జోర్డాను పాస్‌పోర్టు గలవారు జోర్డానుకు తరలిరి. గాజా పత్రముగలవారికి పోవు చోటు లేదు. ఇరాకు చేత, అంతర్జాతీయ సైన్యముల చేత, రెండు వైపుల నుండియు భయము నెదుర్కొనుచు వారు అచ్చటనే నిలిచిరి.

1991 ఫిబ్రవరి చివరి వారమున కువైట్ విముక్తి పొందెను. కువైట్ ప్రజల ఆనందము సహజము. వారి కోపమును సహజమే. ఏడు నెలల ఆక్రమణలో వారు పడిన బాధ సామాన్యము కాదు. ఇరాకుకు పట్టుకొనిపోబడి తిరిగిరాని వారు 600 మందికి పైబడియుండిరి. పాలస్తీనా విమోచన సంస్థ నాయకత్వము సద్దామునకు అండగా నిలిచినదను భావము ఆ కోపమును పాలస్తీనీయులపైకి మరలించినది. ఆక్రమణదారులకు తోడ్పడిన పాలస్తీనీయులు కొందఱుండిరనుటయు నిజమే. కువైట్ వారిని తమ యిండ్లలో దాచి, ఆహారము చేరవేసి, ప్రతిఘటనలో పాలుపంచుకొన్న పాలస్తీనీయులుండిరనుటయు నిజమే. ఎవరు ఏ పక్షమో తేల్చుటకు విచారణ కావలెను. కాని విచారణకు ముందే నిర్బంధము వచ్చినది.

అమీరు ప్రకటించిన సైనిక శాసనము క్రింద, పాలస్తీనీయులు దట్టముగా నివసించు హవల్లీ మొదలైన పేటలలో తనిఖీలు సాగినవి. కూడలులలో వాహనముల నాపి, పత్రము చూచి, పాలస్తీనీయుడని తెలిసినంతనే దింపుకొనిపోయిన ఉదంతములను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, మిడిల్ ఈస్ట్ వాచ్ అను మానవహక్కుల సంస్థలు ఆ యేటనే నమోదు చేసినవి. పోలీసు ఠాణాలలోనే గాక ఇతర భవనములలోను జనమును బంధించిరి, కొట్టిరి, హింసించిరి. కొందఱు ప్రాణములతో వెలుపలికి రాలేదు. అధికారులే కాక ఆయుధములు పట్టిన యువకులును ఈ పనికి పూనుకొనిరి. తమవాని జాడ తెలియక తల్లులు ఒక ఠాణానుండి ఇంకొక ఠాణాకు తిరిగిరి. "మీవాడు ఇచ్చట లేడు" అన్న మాటను కాదనుటకు వారి చేత ఏ కాగితమును లేదు. వారి పక్షమున మాటాడుటకు ఏ కాన్సలును లేడు.

మే నెలలో సైనిక న్యాయస్థానములు తెఱువబడినవి. ముద్దాయిలలో పలువురకు వకీళ్ళతో మాటాడు అవకాశము విచారణ వేళకు గాని చిక్కలేదు. హింసచే రాబట్టిన ఒప్పుకోళ్ళే పెక్కు సందర్భములలో సాక్ష్యములైనవి. సద్దాం బొమ్మగల చొక్కా తొడిగెనని ఒక ముద్దాయికి 15 సంవత్సరముల చెఱ విధింపబడుట లోకమును విస్మయపఱచినది. విమర్శలు చెలరేగగా, జూన్ నెలాఖరున సైనిక శాసనము ఎత్తివేయబడినది. మరణశిక్షలు యావజ్జీవ కారాగారములుగా మార్చబడినవి. కోర్టుకెక్కినవారి సంగతి ఇది. అంతకంటె ఎక్కువమంది కోర్టు ముఖము చూడకయే దేశమునుండి నెట్టివేయబడిరి.

ఇచ్చట దేశము లేనివాని నిర్బంధములోని విచిత్రమైన యంత్రాంగము బయటపడుచున్నది. పరదేశీయుని వెడలగొట్టదలచిన ప్రభుత్వము అతనిని కొలది దినములు బంధించి, ఓడయో విమానమో ఎక్కించును. కాని పంపుటకు దేశమే లేనివాని నేమి చేయుదురు? వెడలగొట్టు ఉత్తరువు ఉండును. పోవు చోటు ఉండదు. అందుచేత కొలది దినముల నిర్బంధము నెలలగును, నెలలు సంవత్సరములగును. నేరము లేదు గనుక శిక్షాకాలము లేదు. శిక్షాకాలము లేదు గనుక విడుదల దినము లేదు. కువైట్‌లోని తల్హా బహిష్కార కేంద్రమున గాజా పత్రములవారును, ఏ దేశ పౌరసత్వమును లేని ఇతరులును ఇట్లే కాలము గడపిరి. ఒకటి రెండేండ్లలో కువైట్‌లోని పాలస్తీనీయులు నాలుగు లక్షలనుండి కొన్ని పదుల వేలకు దిగిరి. గల్ఫునుండి జోర్డాను చేరినవారే సుమారు 3 లక్షలు. మహమూద్ అబ్బాస్ కువైట్‌కు పోయి నాటి నాయకత్వపు వైఖరికి క్షమాపణ చెప్పినది 2004లో. నాయకులు రాజీపడుటకు పదుమూడేండ్లు పట్టినది; చెదరిపోయిన సంసారములు మాత్రము మరల కూడలేదు.

నాడు పాలస్తీనాకు జెండా లేదు గనుక ఇట్లు జరిగినదని తలపవచ్చును. 1988లో పాలస్తీనా రాజ్యము ప్రకటింపబడినది. మన దేశము ఆ యేటనే దానిని గుర్తించినది. 2012లో సమితి దానికి పరిశీలక రాజ్య హోదా నిచ్చినది. రియాదు నగరమున దానికి రాయబార కార్యాలయమును కలదు. అయినను 2019 తొలి మాసములలో సౌదీ అరేబియా రాజ్యభద్రతా శాఖవారు ఆ దేశమున చిరకాలముగా నివసించుచున్న పాలస్తీనీయులను, పాలస్తీనా మూలముగల జోర్డాను పౌరులను పదులకొలదిగా పట్టుకొనిరి. వారిలో మహమ్మద్ అల్ ఖుదరీ అను వైద్యుడు 80 ఏండ్లు దాటిన వృద్ధుడు, కాన్సరు వ్యాధిగ్రస్తుడు. రెండు దశాబ్దములు హమాస్ సంస్థకు ప్రతినిధిగా సౌదీ ప్రభుత్వముతోనే బహిరంగముగా రాయబారము నడపినవాడు. హమాస్ కార్యములనుగూర్చి ఎవరి అభిప్రాయమేదైనను, నిన్నటివరకు ప్రభుత్వమెఱిగి సాగనిచ్చిన పని నేడు నేరమగుట చింతింపదగినది. దాదాపు ఏడాది కాలము అభియోగమే లేదు. 2020 మార్చిలో 68 మందిపై సామూహిక విచారణ మూసిన తలుపుల వెనుక మొదలైనది. 2021 ఆగస్టులో ఆ వృద్ధునకు 15 ఏండ్ల శిక్ష విధించి, వయస్సును బట్టి సగము తగ్గించిరి. 2022 అక్టోబరులో విడిచి జోర్డానుకు పంపిరి. రాయబార కార్యాలయపు పలకయున్నంత మాత్రమున అడుగు శక్తి రాదు. ఆతిథ్యమిచ్చిన రాజ్యము దయపై ఆధారపడిన రాయబారి గొంతు పెగలదు.

అరబ్బు దేశములలోనే ఇట్లు జరుగునని తలచుటయు పొరపాటు. 1987 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలస్‌లో ఏడుగురు పాలస్తీనీయులను, వారిలోనొకని భార్యయైన కెన్యా స్త్రీని పట్టుకొనిరి. ఒక పాలస్తీనా సంస్థ పత్రికలను పంచుటయు, విరాళములు ప్రోగుచేయుటయు వారిపై మోపిన ఆరోపణల సారము. వారు అమెరికా పౌరులే యైనచో ఆ పనులకు అరెస్టు చేయదగియుండదని నాటి గూఢచార శాఖాధిపతియే చట్టసభయెదుట ఒప్పుకొనెను. అయినను దేశబహిష్కార వ్యాజ్యము 20 ఏండ్లు నడచి, 2007లో గాని కొట్టివేయబడలేదు. కాని ఇచ్చటనొక భేదము కలదు. బంధితులు కొలది వారములలోనే జామీనుపై వెలుపలికి వచ్చిరి. కోర్టు తలుపులు తెఱచియుండెను, వకీళ్ళు నిలిచిరి, పత్రికలు వ్రాసినవి. కాన్సలు లేని చోట వారి పక్షమున అడిగినది బహిరంగ న్యాయస్థానము.

కనుక మాకు తోచుచున్నదేమనగా, నిర్బంధమును అన్యాయముగా మార్చునది ప్రభుత్వపు కాఠిన్యమొక్కటియే కాదు, అడుగువారు లేకపోవుటయు. కువైట్ ఘటనలు జరిగిన 1991లోనే ఐక్యరాజ్య సమితి మానవహక్కుల సంఘము నిష్కారణ నిర్బంధములను పరిశీలించుటకు ఒక నిపుణుల బృందమును ఏర్పఱచెను. ఆ బృందమునకు ఎవరైనను మొఱపెట్టుకొనవచ్చును. బంధితుడు ఏ దేశపువాడని అది అడుగదు. ఏ కారణమున బంధించిరని మాత్రమే ప్రభుత్వము నడుగును. దాని అభిప్రాయమునకు సైన్యము బలము లేదు, ధనము బలము లేదు. పెక్కు ప్రభుత్వములు దానిని పెడచెవిని పెట్టుచున్నవి కూడ. అయినను దేశము లేనివాని పక్షమున "వాడెక్కడ?" అని వ్రాతమూలకముగా అడుగు ఏర్పాటొకటి లోకములో పుట్టినది. పట్టుబడినవాని పేరు ఒక పుస్తకములో నెక్కుట, నియమితకాలములో న్యాయాధికారి యెదుట నిలుపుట, బయటివాడొకడు పోయి చూచుట అను ఈ మూడును పాస్‌పోర్టు రంగును బట్టి కాక మనుష్యుడైనందుననే లభించు దినమున, పారిస్ నగరమున వ్రాసిన ఆ చిన్న అధికరణము వ్రాతను దాటి ఆచరణలోనికి వచ్చినదని చెప్పుకొనవచ్చును.