జంతుప్రదర్శనశాలలో పాడి ఆవు

జంతుప్రదర్శనశాల అనగానే సింహము, పులి, ఏనుగు, జిరాఫీ తలపునకు వచ్చును. ఆవును, మేకను, కోడిని చూచుటకు జనులు అచ్చటికి పోవుదురని చెప్పినచో పల్లెటూరి రైతు నవ్వును. అయినను ఐరోపా, అమెరికా ఖండములలోని పెక్కు జంతుప్రదర్శనశాలలలో నేడు పిల్లల కొరకు ఒక చిన్న పశువుల దొడ్డి కూడ ఉన్నది. వన్యమృగముల సరసన సాధుజంతువులకు ఈ చోటు ఎట్లు లభించినదో తెలియవలెనన్న నగరముల చరిత్రను కొంత పరికింపవలెను.

లండను జంతుప్రదర్శనశాల 1828లో ఏర్పడినది. మొదట అది సంఘ సభ్యులకే పరిమితము. సామాన్య ప్రజలను 1847 నుండి అనుమతించిరి. దూరదేశపు అపూర్వ జంతువులను సేకరించి పరిశీలించుటయే నాటి ఉద్దేశము. అయితే అపూర్వమనునది చూచువారిని బట్టి యుండును. ఇందుకు ఒంగోలు జాతి పశువే నిదర్శనము. ఆంధ్రదేశమున అరక దున్ని, బండి లాగిన ఈ జాతి జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో వింతజంతువు. 1878లో బ్రెజిలు దేశపు పశుపోషకుడు లెమ్‌గ్రూబరు అచ్చటి నుండియే ఒక జంటను కొని స్వదేశమునకు తీసికొనిపోయెను. నెల్లూరు పేరిట ‘నెలోరి’ యని పిలువబడు ఆ జాతి నేడు బ్రెజిలులో మాంసపు పశువులలో అగ్రస్థానమున నున్నది.

ఇరువదవ శతాబ్దము వచ్చుసరికి పాశ్చాత్య నగరములలో సొంత దేశపు ఆవు కూడ వింతయైనది. లండనులో 1935లోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1938లోను పిల్లలు జంతువులను దగ్గరగా చూచి తాకుటకు వీలుగా ప్రత్యేక విభాగములను తెరచిరి. ఈ మార్పునకు కారణము చికాగో నగర చరిత్రలో స్పష్టముగా కానవచ్చును. 1850లో ఆ నగర జనసంఖ్య సుమారు 30 వేలు. 1900 నాటికి సుమారు 17 లక్షలు. 1865లో అచ్చట తెరచిన పశువుల సంతకు రైళ్లపై లక్షలాది పశువులు వచ్చెడివి. అమెరికా జనాభాలో సగమునకు మించినవారు పట్టణవాసులని 1920 జనాభా లెక్కలు మొదటిసారి తెలిపినవి. నగరమునకు పాలు, మాంసము, గ్రుడ్లు సమృద్ధిగా వచ్చుచుండెను; వానినిచ్చు జంతువులు మాత్రము బాలల కంటికి దూరమైనవి. 1868లో కొన్ని హంసలతో ఆరంభమైన ఆ నగరపు లింకన్ పార్కు జంతుప్రదర్శనశాలలో 1964లో ఒక పల్లె పశువులశాలను నెలకొల్పిరి. ఏడేండ్లకు, 1971లో, పశువుల సంత మూతపడినది.

ఇట్టి చోట బాలుడు నేర్చునది స్వల్పము కాదు. పాలు సీసాలో పుట్టవనియు, దూడ పుట్టిన పిమ్మటనే ఆవు పాలిచ్చుననియు తెలిసికొనును. కోడి 21 దినములు పొదిగిన పిమ్మట గ్రుడ్డు నుండి పిల్ల వెలువడుటను చూచును. తీరికగా నెమరువేయు ఆవు ఉదరమున నాలుగు అరలున్నవి. మొదటి అరలోని సూక్ష్మజీవులు, మనుష్యులు జీర్ణించుకొనలేని గడ్డిపీచును పశువునకు పనికివచ్చు ఆహారముగా మార్చును.

పశువుల ప్రేగులలోని సూక్ష్మజీవులన్నియు మనుష్యులకు మిత్రములు కావు. ‘ఇ. కోలై ఓ157’ అను బాక్టీరియా వలన మనుష్యులకు జబ్బు చేయునని 1982లో అమెరికాలో గుర్తించిరి. ఇది ఆవునకు ఏ బాధయు కలిగింపదు. కాని పసిపిల్లల మూత్రపిండములను దెబ్బతీయగలదు. 2000లో పెన్సిల్వేనియాలో ఒక పాడిక్షేత్రమును దర్శించిన తరువాత 51 మంది దీని వాత బడిరి. 2009లో ఇంగ్లండులో ఇట్టి మరియొక క్షేత్రము వలన 93 మంది జబ్బుపడిరి. ఇరుతావుల బాధితులలో పిల్లలే ఎక్కువ. భోజనమునకు ముందు చేతులు కడుగుకొన్నవారికి అపాయము తక్కువయని పెన్సిల్వేనియా పరిశోధనలో తేలినది.

అట్లని పిల్లలను పశువులకు దూరముగా నుంచుటయే మేలనుట సరికాదు. గుఱ్ఱములతో సేద్యము చేయు ఆమిష్ కుటుంబములను, యంత్రసేద్యము చేయు హట్టరైటు కుటుంబములను పోల్చిన పరిశోధన 2016లో వెలువడినది. ఇరువురిదియు ఇంచుమించు ఒకే వంశమూలము. అయినను ఉబ్బసము మొదటివారి పిల్లలలో నూటికి 5గురికి, రెండవవారి పిల్లలలో 21 మందికి కలదు. పశువులశాలకు చేరువలోని ఇంటి దుమ్ము పిల్లల రోగనిరోధకశక్తికి తగిన శిక్షణ నిచ్చుచున్నదని పరిశోధకుల భావము. అయితే ఇది నిత్యసహవాస ఫలము. ఒకనాటి సందర్శనమున లభించునది కాదు.

హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలోను పాలపొట్లమునే గాని పొదుగు నెరుగని బాలలు నేడు పెరుగుచున్నారు. వారికి బంధువుల ఊరిలోని పశువులపాకయే చక్కని పాఠశాల కాగలదు. దూడను నిమురనీయవలెను, మేకకు ఆకు నందింపనీయవలెను. ఆ పాకలో చిరుతిండి తిననీయరాదు. పసివారు వ్రేళ్లు నోట పెట్టుకొనకుండ పెద్దలు కనిపెట్టవలెను. వెలుపలికి వచ్చిన వెంటనే సబ్బుతో, పారు నీటితో చేతులు కడిగింపవలెను. పూతమందు రాచిన చాలదు. పశువుతో చెలిమి, చేతులకు శుభ్రత – ఈ రెండును ఒకే పాఠములోని భాగములు.