చదరంగపు గుఱ్ఱము వేసిన చిక్కుప్రశ్న

చదరంగఫలకముపై తక్కిన బలములన్నియు నిలువుగనో, అడ్డముగనో, ఐమూలగనో నడచుచుండగా, రెండు గడులు సాగి ప్రక్కకొక గడి మరలు గుఱ్ఱము, త్రొక్కిన గడిని మరల త్రొక్కకుండ 64 గడులను చుట్టి రాగలదా యను ప్రశ్న వేయేండ్లకు పైగా పండితులను ఆకర్షించుచున్నది.

9వ శతాబ్దమున కాశ్మీరాలంకారికుడగు రుద్రటుడు కావ్యాలంకారమున దానిని శ్లోకముగా బంధించెను. ఫలకములో సగమైన 32 గడులు అనుష్టుప్పునందలి 32 అక్షరములకు సరిపోవుటయే యీ చమత్కారమునకు మూలము. 1268లో జన్మించిన వేదాంతదేశికులు పాదుకాసహస్రమున మఱింత ముందునకు బోయిరి. ఒక శ్లోకమును ఎనిమిదేసి అక్షరముల నాలుగు వరుసలుగా వ్రాసికొని, మొదటి వరుస మొదటి గడినుండి రెండవ వరుస మూడవ గడికి, అచటినుండి మొదటి వరుస అయిదవ గడికి, రెండవ వరుస ఏడవ గడికి, నాలుగవ వరుస ఎనిమిదవ గడికి, ఇట్లు గుఱ్ఱపుటడుగుల జదువుచు బోయినచో, సార్థకమైన వేఱొక శ్లోకము వెలువడును. దీనిని వట్టి అక్షరవ్యాయామమని త్రోసిపుచ్చు విమర్శకులతో నేనేకీభవింపజాలను. గణితమును ఛందస్సును ఒక్కచోట నిలుపుట సామాన్యప్రతిభకు సాధ్యము కాదు.

ఐరోపాలో ఆయిలరు మహాశయుడు 1759 నాటి తన వ్యాసమున ఈ చిక్కును శాస్త్రీయముగా విప్పెను. ఒక గోష్ఠిలో చదరంగప్రస్తావవశమున ఎవరో వేసిన ప్రశ్నయే తనను ప్రేరేపించెననియు, తొలి యాలోచనలను జెనీవావాసియగు బెర్ట్రాండు అందించెననియు నంతటి గణితవేత్త దాచక చెప్పుకొనుట నాకెంతయు నచ్చిన విషయము. 1823లో వార్న్స్‌డార్ఫు మఱింత సులభమైన సూత్రమును జూపెను: ముందునకు దారులు మిక్కిలి తక్కువగా గల గడికే ప్రతిమాఱును గుఱ్ఱమును దుమికింపవలెను.