ఖుర్తుబానా, గర్నాతానా?

యూరప్‌లో చదువుకునే పిల్లలు, నౌకరీ చేసే పిల్లలు ఇప్పుడు మన ఖాందాన్లలోనూ ఉన్నారు. వాళ్లను చూడబోయే అమ్మీ అబ్బాలు పనిలో పనిగా స్పెయిన్ కూడా చూసి రావాలనుకుంటారు. సెలవులు తక్కువ, ఖర్చు ఎక్కువ, వెంట ముసలివాళ్లు, పసిపిల్లలు. ఒక్క ఊరే కుదిరితే ఖుర్తుబా వెళ్లాలా, గర్నాతా వెళ్లాలా అన్నది సవాల్. పటంలో వీటి పేర్లు కోర్డోబా, గ్రనాడా. రెండూ దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియా ప్రాంతంలో ఉన్నాయి.

చాలామంది జవాబు ఖుర్తుబా. దానికి కారణం అల్లామా ఇక్బాల్. 1933లో ఆయన అక్కడి మసీదు చూసి రాసిన నజ్మ్ ‘మస్జిదె ఖుర్తుబా’ 1935లో ‘బాలె జిబ్రీల్’లో వచ్చింది. ఉర్దూ మీడియంలో చదివిన మాలాంటివాళ్లకు ఆ ఊరు ముందు ఇక్బాల్ ఊరు, తర్వాతే స్పెయిన్ ఊరు.

ఆ ఊరి షాన్ తక్కువదేం కాదు. 750లో అబ్బాసీలు ఉమయ్యా ఖాందాన్‌ను ఊచకోత కోస్తే తప్పించుకుని పారిపోయిన షెహజాదా అబ్దుర్రహ్మాన్. ఐదారేళ్లు తిరిగి తిరిగి 756లో ఖుర్తుబాకు అమీర్ అయ్యాడు. 785 ప్రాంతంలో మసీదు మొదలుపెట్టాడు. తర్వాతి రెండు వందల ఏళ్లు వారసులు దాన్ని పెంచుకుంటూ పోయారు. ఇప్పటికీ 850కి పైగా స్తంభాలు, వాటిమీద ఎరుపు తెలుపు చారల జంట కమాన్లు నిలబడి ఉన్నాయి. మెహ్రాబ్ మీది బంగారు రంగు మొజాయిక్ పనికి కారీగర్‌ను పంపింది బైజాంటైన్ చక్రవర్తి, అంటే ఒక క్రైస్తవ రాజు. ఇబ్నె రుష్ద్ పుట్టిన ఊరు ఇదే. యూదుల మహా ఆలిమ్ మూసా బిన్ మైమూన్ పుట్టిందీ ఇక్కడే.

అయితే ఖుర్తుబా తారీఖ్‌లో మనం పిల్లలకు చెప్పని ఒక కథ ఉంది. 997లో వజీర్ అల్ మన్సూర్ ఉత్తరాన క్రైస్తవుల పుణ్యక్షేత్రం సాంటియాగో మీద దండెత్తాడు. అక్కడి చర్చి గంటలను క్రైస్తవ ఖైదీల భుజాల మీద ఖుర్తుబాకు మోయించి, మసీదులో దీపాలుగా వేలాడదీయించాడంటారు. 1236లో ఖుర్తుబాను గెలిచిన మూడో ఫెర్నాండో అవే గంటలను ముస్లిం ఖైదీల భుజాల మీద వెనక్కి మోయించాడట. మసీదు చర్చి అయింది. 16వ శతాబ్దంలో స్తంభాలు కొన్ని తీసేసి నట్టనడుమ కథీడ్రల్ లేపారు. ఈరోజు అక్కడ మనకు నమాజుకు ఇజాజత్ లేదు. ఎవరి చేతిలో తాఖత్ ఉంటే వాళ్లు అవతలివాళ్ల భుజాల మీద గంటలు మోయించారు. ఇది ఖుర్తుబా ఇచ్చే ఇబ్రత్.

ఇక గర్నాతా. ఖుర్తుబా పోయిన రెండేళ్లకు, 1238లో, ఇబ్నుల్ అహ్మర్ ఈ ఊళ్లో గద్దె ఎక్కాడు. అల్‌హమ్రా గోడల మీద ఎక్కడ చూసినా ‘వ లా గాలిబ ఇల్లల్లాహ్’ అని ఉంటుంది. అల్లాహ్ తప్ప విజేత లేడని అర్థం. అదే ఇబ్నుల్ అహ్మర్ ఫెర్నాండోకు సామంతుడై, 1248లో తోటి ముస్లింల ఊరు ఇష్బీలియాను (సెవిల్) ముట్టడించడానికి ఫౌజు పంపాడు. సల్తనత్ నిలబడటానికి అలాంటి ఖీమత్ కట్టాడు. అలా నిలిచిన సల్తనత్ 1492 జనవరి 2న ముగిసింది. ఆఖరి సుల్తాన్ అబూ అబ్దుల్లా తాళాలు ఇచ్చేశాడు.

ఆయన కొండ మీద వెనక్కి తిరిగి ఏడ్చిన కిస్సా అందరూ చెబుతారు. సుల్తాన్ వెళ్లిపోయాడు సరే, జనం మాత్రం అక్కడే ఉండిపోయారు. గర్నాతా అసలు కథ అక్కడ మొదలవుతుంది.

1491 నవంబర్‌లో రాసుకున్న ముఆహిదాలో షర్తులు బాగానే ఉన్నాయి. మజ్హబ్ మీది, మసీదులు మీవి, ఖాజీలు మీవాళ్లే అన్నారు. అదే 1492 మార్చి 31న, అదే ఊళ్లో, యూదులను దేశం నుంచి వెళ్లగొట్టే ఫర్మానా మీద దస్తఖత్ పడింది. ముస్లింల వంతు 1499లో వచ్చింది. కార్డినల్ సిస్నెరోస్ వచ్చి బలవంతపు మతమార్పిడులు మొదలుపెట్టాడు. వేల అరబీ కితాబులు తగలబెట్టించాడు, తిబ్ కితాబులు మాత్రం దాచుకున్నాడు. అల్ బయ్యాజీన్ బస్తీ తిరగబడింది. తిరుగుబాటు చేశారు కాబట్టి ముఆహిదా రద్దన్నారు. పదేళ్లయినా నిలవలేదు.

ఇలా మతం మార్చబడినవాళ్లను మోరిస్కోలన్నారు. 1567లో రెండో ఫిలిప్ మరో ఫర్మానా తెచ్చాడు. అరబీ మాట్లాడకూడదు, రాయకూడదు. పాత లిబాస్ వేయకూడదు, హమ్మామ్‌లకు వెళ్లకూడదు. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములే అనే ముసలి మోరిస్కో పెద్దమనిషి సర్కారుకు ఒక అర్జీ రాశాడు. లిబాస్ మజ్హబ్ కాదు, ఇలాఖా రివాజ్ అన్నాడు. హమ్మామ్ ఒంటి శుభ్రం కోసం అన్నాడు. జబాన్ గురించి ఇంకా గట్టిగా వాదించాడు. మాల్టాలో, తూర్పు దేశాల్లో క్రైస్తవులే అరబీ మాట్లాడుతున్నారు, మరి జబాన్‌కు మజ్హబ్ ఎక్కడ అంటగట్టారని అడిగాడు. ఎవరూ వినలేదు. 1568లో అల్‌పుహారా కొండల్లో బగావత్ లేచింది, అణిచేశారు. 1609 నుంచి 1614 దాకా దాదాపు 3 లక్షల మోరిస్కోలను దేశం నుంచే తరిమేశారు.

ఉత్తరాన అరగాన్ ప్రాంతపు మోరిస్కోల సంగతి ఇంకోటి. వాళ్లు అరబీ మాట్లాడటం అప్పటికే మరిచిపోయారు, లిపిని మాత్రం వదల్లేదు. దుఆలు, మసాయిల్, ప్రవక్తల కిస్సాలు స్పానిష్ భాషలో, అరబీ లిపిలో రాసుకున్నారు. వాటిని అల్‌జమియాదో రాతలంటారు. 1884లో అల్మొనాసిద్ అనే ఊళ్లో పాత ఇల్లు కూలుస్తుంటే దాచిపెట్టిన ఇలాంటి కితాబులు బోలెడు బయటపడ్డాయి.

మన ఇళ్లలో ఇది తిరగబడి ఉంది. వాళ్లకు లిపి మిగిలి జబాన్ పోయింది. మనకు ఇంట్లో జబాన్ ఉంది, లిపి పోతోంది. తెలుగు అక్షరాల్లో అచ్చయిన దుఆ కితాబు లేని ఇల్లు తక్కువ. పోలిక అంతవరకే. మన మీద ఎవరూ అలాంటి ఫర్మానా వేయలేదు, చాలావరకు మనమే వదిలేశాం. నూన్యెజ్ ములే వాదన రెండు వైపులా పనికొస్తుంది. తెలుగు మాట్లాడినంత మాత్రాన ఎవరి ఈమాన్ తగ్గదు. ఉర్దూ నేర్చుకున్న పిల్లాడు ఈ నేలకు పరాయివాడూ కాడు.

అందుకే ఒక్క ఊరే అంటే నా ఓటు గర్నాతాకు. ఖుర్తుబాలో బాద్‌షాలు ఏం కట్టారో కనిపిస్తుంది. బాద్‌షా లేని రోజు మామూలు కుటుంబాలు ఏం కాపాడుకోవాలనుకున్నాయో గర్నాతాలో తెలుస్తుంది. మనవీ మామూలు కుటుంబాలే.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. అల్‌హమ్రా టికెట్ చాలా ముందే తీసుకోండి. లోపలి మహళ్లకు టైమ్ వేసి ఇస్తారు, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. అల్ బయ్యాజీన్ గల్లీలన్నీ రాళ్లు పరిచిన ఎత్తులు, పెద్దవాళ్లను చిన్న బస్సులో తీసుకెళ్లండి. అక్కడ సాన్ నికొలాస్ దగ్గర 2003లో తెరిచిన మసీదు ఉంది. నమాజు చదువుకుని దాని తోటలో నిలబడితే ఎదురుగా అల్‌హమ్రా కనిపిస్తుంది. దిగువన బిబ్‌రంబ్లా చౌక్‌లో ఇప్పుడు పూల దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి. ఆ కితాబులు తగలబెట్టింది అక్కడే. పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిచ్చి, నూన్యెజ్ ములే అర్జీ కథ అక్కడ కూర్చుని చెప్పండి. ఇంట్లో మీరు ఏ జబాన్‌లో మాట్లాడుకుంటారో ఆ జబాన్‌లోనే చెప్పండి.