పోటీలో ఓడినవాడికి నేర్పేదెవరు?

మన ఐటీ జనాల ఇళ్ళల్లో కీబోర్డు, ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు ఇప్పుడు మామూలైపోయాయి. శనివారం క్లాసు, ఏడాదికో పోటీ, గోడకి ఓ సర్టిఫికెట్టు. మాది కృష్ణా జిల్లా. బందరు, గుడివాడ, దివిసీమ జనానికి పియానో అంటే సినిమాలో హీరో పార్టీ పాట పాడుతూ వాయించే నల్లటి పెట్టె. మాకు బాగా తెలిసిన మెట్లు హార్మనీ పెట్టెవే! అయినా పియానో పోటీల చరిత్ర చదువుతుంటే నాకు మా డెల్టా సంగీతమే గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

వార్సాలో షోపాన్ పియానో పోటీ 1927లో మొదలైంది. ఐదేళ్ళకోసారి జరుగుతుంది. 1980 పోటీ అనగానే అందరూ చెప్పుకునేది ఒక గొడవ గురించి. పోగోరెలిచ్ అనే కుర్రాణ్ణి ఫైనల్‌కి పంపలేదని మార్తా ఆర్గెరిచ్ జడ్జిల బృందం నుంచి తప్పుకున్నారు. ఆ దెబ్బకి ఓడినవాడికి వచ్చినంత పేరు గెలిచినవాడికి రాలేదు. మరి గెలిచిందెవరు? వియత్నాంకి చెందిన డాంగ్ థాయ్ సాన్. ఆ పోటీలో మొదటి ఆసియా విజేత. 1960ల్లో అమెరికా బాంబులకి భయపడి హనోయ్ సంగీత పాఠశాల పల్లెటూరికి తరలిపోయింది. వాళ్ళమ్మ అందులో పియానో టీచరు. ఉన్న కాసిని పియానోలనీ పిల్లలు వంతులేసుకుని వాయించేవాళ్ళు. నా దృష్టిలో 1980 నాటి అసలు కథ జడ్జిల గొడవ కాదు, యుద్ధంలో కూడా పాఠం ఆపని ఆ బడి.

ఇప్పుడు మా ఊళ్ళ వైపు వద్దాం. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఒకసారి విద్వాంసులతో పోటీపడి ఓడి, నవ్వులపాలయ్యారని, ఆ పట్టుదలతోనే సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వెళ్ళారని చెబుతారు. ఓడినవాడికి పట్టుదల రావడం గొప్పే. కానీ పట్టుదల ఒక్కటే ఉంటే సరిపోతుందా? అక్కడ 1919 నుంచి మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ అబ్బాయికి సంగీతం నేర్పించడం కోసమే ఆ కాలేజీ పుట్టిందంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అక్కడి అధ్యాపకులు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఘంటసాలని చేరదీసి ఇంట్లోనే పాఠం చెప్పారు. అన్నం మాత్రం జోలె పట్టి మధుకరం అడుక్కునే తిన్నారు. అంటే ఆ గొంతు వెనుక ఒక రాజుగారి ఖజానా, ఒక మేష్టారి ఓపిక, పేరు తెలియని ఎందరో తల్లుల అన్నం ముద్దలు ఉన్నాయి.

దివిసీమదీ అదే దారి. పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు త్యాగరాజు శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర నేర్చుకున్నారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు (1883-1951). ఈయనదీ మా జిల్లానే, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. (ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్!) పంతులు గారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఇప్పుడది ఘంటసాల గారి పేరు మీద ఉంది. రెండు దారులూ చివరికి ఒక బడి దగ్గరే కలిశాయి చూశారా!

అలాగని "ఆ రోజులే వేరు" అంటూ నిట్టూర్చను. మధుకరం అడగడానికి కూడా కులం చూసే కాలం అది. కూచిపూడిలో ఆడపిల్లకి వేషం కట్టనివ్వలేదు. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య ముద్రలో ఉన్న ఊరు. ఆయన పదాల్ని తరతరాలుగా పాడి, అభినయించి నిలబెట్టింది కళావంతుల ఆడవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు? తలుపు కొందరికే తెరుచుకుంది. ఆ కొందరిలోంచే ఇంత సంగీతం వచ్చిందంటే, అందరికీ తెరిచుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

పోటీలు వద్దని నేననను. 'పాడుతా తీయగా' ఎంతమంది గాయకుల్ని పరిచయం చేసిందో మనకి తెలుసు. కానీ పోటీ అనేది మన టెస్టింగు లాంటిది. ఉన్న కోడ్ ఎలా ఉందో చెబుతుంది, కొత్త కోడ్ రాయదు. ఎక్కడో ఒకచోట ముందే నేర్చుకున్న పిల్లలే వేదిక దాకా వస్తారు. మనం చేసేది కూడా అదే. తెలుగు సంఘం వాళ్ళు సంక్రాంతికి పాటల పోటీ పెడితే బహుమతి స్పాన్సర్ చేస్తాం. స్టేజీ మీద ఫోటో దిగుతాం. కానీ అవనిగడ్డ పక్క పల్లెలో గొంతున్న ఓ చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి సంగీతం నేర్చుకోవాలంటే విజయవాడ బస్సెక్కాలి. రోజూ ఎవరు పంపుతారు?

అందుకే నేను అడిగేది చిన్న విషయం. సొంతూరి పేరు మీద ఏదైనా చేయాలనుకునేవాళ్ళు కప్పులూ షీల్డులూ పక్కనపెట్టి, ఒక సంగీతం మేష్టారి జీతం ఆలోచించండి. ఒక ప్రభుత్వ బడి, వారానికి రెండు క్లాసులు, నాలుగు హార్మనీ పెట్టెలు. పదిమంది కలిస్తే మన జీతాల్లో అదో లెక్కా? మేష్టారికి జీతమిస్తే ఫోటో రాదు నిజమే. పట్రాయని వారింట్లో ఘంటసాల పాఠం నేర్చుకుంటున్నప్పుడు కూడా ఎవరూ ఫోటో తీసి ఉండరు.

ఏమంటారు?