మెట్ల వీణయు స్పెయిను గిటారును

రంగారెడ్డి జిల్లాలోని యిబ్రహీంపట్నమున నొక మిత్రుని గృహమందు స్పెయిను దేశపు గిటారు నొకదానిని జూచుట తటస్థించినది. అది పాతది, యంత్రముతో గాక చేతితో జేయబడినది. దాని మెడపై బొదిగిన లోహపు మెట్లను బరిశీలించుచుండగా, ఆ యూరి పేరే నా మనస్సును 1550వ సంవత్సరమునకు గొనిపోయినది. ఆ సంబంధమును బండితులకు విన్నవించుటకే యీ వ్యాసము.

ఇబ్రహీంపట్నము గోలకొండ సుల్తానగు ఇబ్రహీం కుతుబ్ షాహ పేరిట వెలసిన యూరు. అచటి పెద్దచెరువును నాతని కాలపుదే. మన కవులచే మల్కిభరాముడని కొనియాడబడి, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకు గృతిపతియైన ప్రభు వితడు. అన్నయగు జంషీదునకు వెఱచి 1543 మొదలు విజయనగరమున నళియ రామరాయల యాశ్రయమున నుండి, జంషీదు మరణానంతరము 1550లో గోలకొండకు మరలి సింహాసన మెక్కెను. ఆ 1550వ యేటనే, ఆ రామరాయల ప్రేరణముననే, రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించెను. ఇరువురకు నాశ్రయ మొక్కటే యనుట మాత్రమే నా యభిప్రాయము.

ఆ గ్రంథమున నైదు ప్రకరణములు. అందు మూడవది వీణాప్రకరణము. శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ యని వీణలు మూడు. ఇవి మరల నేకరాగమేళ, సర్వరాగమేళ భేదముచే రెండేసి విధములు. మొదటిదానియం దొక రాగమునకు వలయు మెట్లే యుండును. రాగము మాఱినచో మెట్లను మార్చుకొనవలె. రెండవదానియందన్ననో, స్వరస్థానము లన్నింటికిని మెట్లు స్థిరముగా నుండును గాన నే రాగమైనను గదలింపకయే వాయింపవచ్చును. ఈ మెట్ల తావులను నిర్ణయించుటకు దంత్రి తనంతట బలుకు స్వయంభూస్వరములను రామామాత్యుడు ప్రమాణముగా గొనెను. నేటి 24 మెట్ల వీణను తంజావూరి రఘునాథనాయకుని కాలమున, అనగా 1600కు దరువాత, గోవిందదీక్షితులు నెలకొల్పెనని వాడుక. వాద్యము యొక్క రూపమున కది చెల్లునేమో గాని, స్థిరమైన మెట్లతో సర్వరాగములను బలికించు సూత్ర మంతకు నర్ధశతాబ్దము ముందే గ్రంథస్థమై యుండ, గౌరవమంతయు దంజావూరికే కట్టబెట్టుట న్యాయము గాదు.

స్పెయినునందును నించుమించుగా నా కాలముననే తంత్రీవాద్యములు వర్ధిల్లినవి. లూయిస్ మిలాన్ తన వీహ్వెలా గ్రంథమును 1536లో వలెన్సియాయందు బ్రకటించెను. అలోన్సో ముదార్రా 1546లో సెవిల్‌యందు బ్రకటించిన గ్రంథమున గిటారునకై వ్రాసిన కృతులు మొట్టమొదటిసారిగా నచ్చుపడినవి. ఆ వాద్యముల మెట్లు లోహపువి గావు. మెడచుట్టును గట్టిన నరములు. జరుపుకొనుట వాయించువాని వంతు. పిమ్మట 1581లో ఇటలీవాడగు విన్సెంజో గెలీలీ (జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు గెలీలియోకు దండ్రి) మిగిలిన తంత్రిలో బదునెనిమిదవ పాలునకొక మెట్టు చొప్పున నుంచుమనెను. ఈ లెక్క చొప్పున 65 సెంటీమీటర్ల తంత్రిపై బండ్రెండవ మెట్టు నడుమకు రాక, రెండు మిల్లీమీటర్లకు బైగా దప్పును. అందుచే నేటివారు 18కి బదులు 17.817తో భాగింతురు. అపుడు మొదటి మెట్టు 3.65 సెంటీమీటర్ల యొద్దను, పండ్రెండవది సరిగా 32.5 యొద్దను బడును. ఒకరినుండి యొకరు గ్రహించిరని నే ననను. ప్రశ్న మొక్కటి, సమాధానములు రెండు: అచట గొలబద్ద, ఇచట జెవి.

గిటారునకు నేటి రూపమును స్థిరపఱచినవాడు అల్మేరియావాసి యంటోనియో దె టోర్రెస్ (1817-1892). పలుచని స్ప్రూసు పలకకు లోపల విసనకఱ్ఱ పుల్లలవలె సన్నని బద్దల నంటించి, నాదమంతయు నా పైపలకదే యని యాతడు నమ్మెను. దానిని నిరూపించుటకై 1862లో వెనుకభాగమును, ప్రక్కలను గాగితపుగుజ్జుతో జేసి యొక గిటారును నిర్మించెను. అది బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలయం దున్నది. గుజ్జుతో జేయుట సాహసమే. కాని శాస్త్రవాదమును జేతిపనితో దీర్చిన యిట్టి నిదర్శనములు మిక్కిలి యరుదు.

మన బొబ్బిలి వీణ కిది విపర్యయము. బొబ్బిలి చేరువ గొల్లపల్లిలోని సర్వసిద్ధి కుటుంబములవా రొక్క పనసదూలమునే తొలిచి కుండను, దండిని నతుకులేక యేకాండిగా దీర్తురు. గిటారు పలకల కూర్పు, ఇది తొలుపు. కాని యసలు నేర్పు తరువాతిది. దండిపై నల్లని మైనపుగట్టు వేసి, స్థాయికి బండ్రెండు చొప్పున 24 కంచుమెట్లను, తంత్రిని మీటుచు, వినుచు, జరుపుచు నొక్కొక్కటిగా నిలుపుదురు. దీనినే మేళము గట్టుట యందురు. ఏండ్లు గడచి మైనము సడలినపుడు వీణను మరల నా చేతికే యప్పగింపవలె. గిటారు మెట్టు గాడిలో నొకమాఱు దిగగొట్టిన పిమ్మట దావు తప్పినను నచటనే యుండును.