మంచుకు పండిన జొన్న

పోయిన డిసెంబర్‌లో ఒక సాయంత్రం మా వాడలోని చర్చి ముందు ముగ్గురు పిల్లలు కూర్చొని టీవీ డబ్బాలో వచ్చిన థర్మకోల్‌ను కొబ్బరి కోరు మీద గీకుతున్నారు. పొట్టు గాలికి లేచిపోకుండా ఒక అమ్మాయి చున్నీ అడ్డం పట్టుకుంది. పశువుల పాక అప్పటికే తయారైంది. పైన జొన్న చొప్ప కప్పారు, లోపల మట్టి గొర్రెలు పెట్టారు, తొట్టెలో గడ్డి పరిచారు. ఇక మంచు ఒక్కటే బాకీ. నన్ను చూసి ఒకడు అడిగాడు: "సారూ, నిజం మంచు గూడ గిట్లనే ఉంటదా?"

బడిలో ఏళ్ళ తరబడి భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి. హిమపాతం మీద ఎన్ని ప్రశ్నలు రాయించానో లెక్కలేదు గానీ, కళ్ళతో ఒక్కసారీ చూడలేదు. "గింత గరగర ఉండదురా" అని తప్పించుకున్నాను.

మా అమరచింతలో మంచు అంటే తెల్లవారుజామున కృష్ణ మీద పరుచుకునే తెల్లటి పొర. లేదంటే జొన్న ఆకు మీద నిలిచి, సూర్యుడు బారెడు పైకి వచ్చేసరికి ఆవిరైపోయే నీటిచుక్క. నల్లరేగడిలో వేసిన యాసంగి జొన్న మంచుకే పండుతుందని మా పెద్దలు అనేవారు. కాదు, నేలలో దాగిన పదునుకు పండుతుందని వ్యవసాయ శాఖవాళ్ళు దిద్దుతారు. రైతు మాట రైతుది. ఆకాశం నుంచి తెల్లగా రాలే మంచు మాత్రం మా ఎరుకలో లేదు. అది పడే దేశం నుంచి వచ్చినవాళ్ళే పాలమూరులో క్రిస్మస్ పండుగకు మొదటి పాటలు నేర్పారు. మా ఊరి చరిత్రలో ఆ ముక్క ఎవరూ రాయలేదు కాబట్టి ఈ వ్యాసం.

అమరచింత చరిత్ర అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే వరుస. ముక్కెర వంశం, అమరచింత సంస్థానం, ఆత్మకూరు కోట, అక్కడికి వచ్చి అవధానాలు చేసిన కవులు. తర్వాత మగ్గాలు. కురుమూర్తి స్వామి బ్రహ్మోత్సవాలకు మా ఊరి చేనేతవాళ్ళ పట్టువస్త్రాలు వెళ్ళడం మాకు పెద్ద గొప్ప. తర్వాత కృష్ణ మీద జూరాల. 1995లో ప్రాజెక్టు ప్రారంభమయ్యాక అవతలి గద్వాలకు కట్ట మీదుగానే పోతున్నాం. ఆ తర్వాత మా పేరుతో ఉన్న అసెంబ్లీ నియోజకవర్గం పునర్విభజనలో పోయిందన్న బాధ, 2016లో వనపర్తి జిల్లాలో కలిసి మండలమయ్యామన్న ఊరట. అంతటితో చరిత్ర అయిపోతుంది. మాల, మాదిగ వాడల్లో వంద డిసెంబర్లు ఎలా గడిచాయన్నది అందులో రాదు.

ముందు క్రైస్తవ మిషన్ మా చుట్టూ ఎలా అల్లుకుందో చూడండి. అమెరికన్ బాప్టిస్టులు ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి నిజాం రాజ్యంలోకి అడుగుపెట్టాక, 1885లో ఎల్బర్ట్ చ్యూట్ అనే ఆయన పాలమూరులో కేంద్రం పెట్టాడు. అప్పటికి ఆ ఊరికి మహబూబ్‌నగర్ అన్న పేరే లేదు. అది 1890లో వచ్చింది. రష్యా నుంచి వచ్చిన, మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా అదే కాలంలో నల్లగొండలో దిగారు. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ తమ సొంత మిషన్ మొదలుపెట్టి ఎన్. ఎన్. హీబర్ట్, సూసీ దంపతులను, ఎలిజబెత్ న్యూఫెల్డ్‌ను హైదరాబాద్‌కు పంపింది. హీబర్ట్‌కు అప్పుడు పాతికేళ్ళు. ఊరు మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్. క్రిస్మస్ నాటికి మంచు కురిసే చోటు. ఇక్కడి వాతావరణం పడక, ఒంట్లో బాగాలేక రెండేళ్ళలోనే తిరుగు ఓడ ఎక్కాడు. కానీ దారి పడింది. ఆ తర్వాత బెర్గ్‌తోల్డ్ అనే మిషనరీ నాగర్‌కర్నూలులో కేంద్రం కట్టాడు. అటుపైన వనపర్తి, కల్వకుర్తి. 1937లో బాప్టిస్టులు మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలను కూడా వీళ్ళ చేతికే అప్పగించారు. మాకు తూర్పున వనపర్తి, దక్షిణాన ఏరు దాటితే గద్వాల, ఉత్తరాన మహబూబ్‌నగర్. ఈ మూడింటి నడుమ ఉన్నాం. మా పక్కల ఏ పల్లెలో చర్చి అని అడిగినా ముందు "ఎంబీ చర్చి" అనే వినిపిస్తుంది. ఆ రెండక్షరాల వెనుక ఉన్నది ఈ మెన్నొనైట్ బ్రదరెనే.

వీళ్ళ తాతలు కూడా వలస పక్షులే. సైన్యంలో చేరం, ఆయుధం పట్టం అన్న పట్టుదలకు రష్యాలో చోటు తగ్గుతుంటే 1874 ప్రాంతంలో ఓడలెక్కి అమెరికా నడిమధ్య మైదానాలకు చేరారు. కాన్సాస్‌కు పోయినవాళ్ళు వెంట గోధుమ విత్తనం తీసుకెళ్ళారు. దాని పేరు టర్కీ రెడ్. శరదృతువులో విత్తితే చలికాలమంతా మంచు దుప్పటి కింద పడుకొని, ఎండలు రాగానే లేచి కంకి వేసే రకం. మంచుకు పండే పంట వాళ్ళకూ ఉందన్నమాట! ఈ సంగతి తెలిసిన రోజు నాకు మా నాన్న జొన్నచేను గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నాను.

మిషనరీల ఏడాది మా వ్యవసాయ క్యాలెండర్ లాగే నడిచేది. ఎండాకాలం కొడైకెనాల్ వంటి కొండలకు, వానల్లో బంగళాకు. వానలు వెనక్కి పట్టి బాటలు గట్టిపడ్డాక, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఊళ్ళ మీదికి. అందుకే క్రిస్మస్ రోజుల్లో మిషనరీ చాలాసార్లు డేరాలోనే ఉండేవాడు. ఎడ్లబండి మీద గుడారం, మడత మంచం, మందుల పెట్టె, సువార్త పుస్తకాల మూట, మేజిక్ లాంతరు. వెంట ఇద్దరు ముగ్గురు తెలుగు బోధకులు, బైబిల్ స్త్రీలు, వంటాయన. ఊరి బయట తోపులోనో చెరువు కట్ట దగ్గరో మకాం. సంత జరిగే రోజు చూసుకొని దిగేవారు. సంతలో దొరికినంత జనం వాడవాడా తిరిగినా దొరకరు కదా.

ఆ మకాం వారం ఎలా సాగేదో ఊహించడం కష్టం కాదు. కోడికూతకు కీర్తన. పొద్దెక్కాక మందులు. కళ్ళ కలకకు, జ్వరానికి, పుండ్లకు, తేలు కాటుకు వరుస కట్టేవారు. దొరసాని డాక్టర్ అయితే ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. మధ్యాహ్నం బైబిల్ స్త్రీలు వాడల్లోకి వెళ్ళి గడప దగ్గర కూర్చొని కథలు చెప్పేవారు. రాత్రి రెండు గుంజల మధ్య తెల్లదుప్పటి కట్టి, మేజిక్ లాంతరు వెనుక కిరోసిన్ దీపం వెలిగిస్తే, గాజుపలక మీది బొమ్మ దుప్పటి మీద మనిషంత లేచి నిలబడేది. సినిమా ఎరగని ఊళ్ళకు అదే మొదటి బొమ్మలాట. మతంతో పనిలేనివాళ్ళు కూడా దాని కోసం వచ్చి నిలబడేవారంటే నేను నమ్ముతాను.

ఇక్కడ ఒక సంగతి మిషన్ పుస్తకాలు రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు. బెత్లెహేము పొలంలో గొర్రెల కాపరులు రాత్రంతా మంద కాచుకుంటూ ఉన్నారన్న కథ మిన్నెసోటా కుర్రవాడికి బొమ్మల పుస్తకంలో తెలుసు. అతని ఊళ్ళో డిసెంబర్ రాత్రి గొర్రెలు కొట్టంలో ఉంటాయి, బయట ఉంటే గడ్డకట్టి చస్తాయి. పాలమూరు మనిషికి ఆ కథ కళ్ళెదుట జరిగేదే. ఎరువు కోసం రైతు తన చేనులో మందను నిలుపుకుంటాడు. కురుమాయన గొంగడి కప్పుకొని, నెగడు వేసుకొని, కుక్కను కాళ్ళ దగ్గర పెట్టుకొని అక్కడే పడుకుంటాడు. ఆ చలిలో ఆకాశం నుంచి కబురొస్తే మొదట విని లేచేది అతనే. ఏడు సముద్రాల అవతల నుంచి మోసుకొచ్చిన కథకు కావలసిన సరంజామా మా చేలల్లో ముందే సిద్ధంగా ఉంది. మంచు ఒక్కటి లేదంతే. బైబిల్లోని క్రిస్మస్ కథలో కూడా మంచు లేదు.

సేవ అన్న మాటకు నా లెక్కలో మొదట వచ్చే పేరు కేథరీనా షెల్లెన్‌బర్గ్. 1907లో డాక్టరుగా వచ్చింది. నాగర్‌కర్నూలు, దేవరకొండ, చివరికి శంషాబాద్. పెళ్ళి చేసుకోలేదు. 1945 జనవరి 1న శంషాబాద్‌లో కన్నుమూసింది. దాదాపు ముప్పై ఎనిమిదేళ్ళు. వారం రోజుల మకాం సేవను మెచ్చుకోవచ్చు గానీ తూకంలో ఇది వేరే బరువు.

రెండో పేరు పాల్ హీబర్ట్. శంషాబాద్‌లోనే 1932లో పుట్టి, అమెరికాలో చదివి, 1960లో యువ మిషనరీగా తిరిగి వచ్చాడు. కొండూరు అనే పాలమూరు పల్లెను ఇల్లిల్లూ చదివి 1971లో పుస్తకం తెచ్చాడు. కులం, చుట్టరికం, తగాదా, పంచాయితీ అన్నీ అందులో ఉంటాయి. ఆయన తర్వాత రాసిన ఒక వ్యాసంలో శంషాబాద్ దగ్గరి ముచ్చింతల సంగతి ఉంది. ఊళ్ళో మశూచి లేచింది. మైసమ్మకు కోపమొచ్చింది, దున్నపోతును బలివ్వాలని సోదె చెప్పింది. ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు మేం ఇవ్వం అన్నారు, ఊరు వాళ్ళను దూరం పెట్టింది. అక్కడి సంఘ పెద్ద వచ్చి సాయం అడిగితే, తాను చదివిన చదువులో దానికి జవాబు లేదని హీబర్ట్ ఒప్పుకున్నాడు. నాకు నచ్చింది ఆ ఒప్పుకోలు. మిషన్ రిపోర్టుల్లో ఇంత నిజాయితీ అరుదు. ఎన్ని ఊళ్ళు తిరిగాం, ఎందరికి బాప్తిస్మం ఇచ్చాం అన్న లెక్కలే వాటిలో నిండి ఉంటాయి. మైసమ్మ, ఎల్లమ్మలను తీసిపారేసే మాటలకూ కొదవ ఉండదు. అవి చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కానీ గమనించండి, ఆ కథలో ఊరి కోపం భరించింది మిషనరీ కాదు, వాడలోని జనం. మకాం వారం అయ్యాక డేరా ఎత్తేస్తారు, బండి కదులుతుంది. వెలి మాత్రం ఉన్నవాళ్ళకు మిగులుతుంది. అయినా ఎందుకు నిలబడ్డారంటే, నా జవాబు బడి. సంస్థానం రోజుల్లో మాదిగ పిల్లవాడి చేతికి పలక ఇచ్చినవాళ్ళు ఎందరు? మిషన్ కాంపౌండ్ బోర్డింగులో ఆ పిల్లవాడికి పలక దొరికింది, పంక్తి భోజనం దొరికింది. అటువైపు, అదే మాదిగ చేతులు చిన్నవడ్డెమాన్‌లో నిష్ఠతో ఉపవాసముండి కురుమూర్తి స్వామికి ఉద్దాలు కుడతాయి. కార్తీకంలో ఆ చెప్పులను తల మీద పెట్టించుకోవడానికి అన్ని కులాలవాళ్ళూ వరుసలో నిలబడతారు. జాతర అయ్యాక క్రిస్మస్ వస్తుంది. ఈ రెండు పండుగలనూ ఒకే కుటుంబంలో ఇద్దరన్నదమ్ములు చెరొకటి పట్టుకోవడం నేను చూశాను. తగవు లేదు. బువ్వ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతుంది.

1970ల నాటికి విదేశీ మిషనరీలు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. సంఘాలు మనవాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. ఇప్పుడు వాడలో డిసెంబర్ మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు. రాత్రుళ్ళు క్యారల్స్ బృందం డప్పు, కీబోర్డుతో ఇంటింటికీ తిరుగుతుంది. ముంబై, పుణె పనులకు పోయిన మేస్త్రీలు, కూలీలు ఎలాగోలా ఆ వారానికి వచ్చి చేరతారు. ఇరవై నాలుగు రాత్రి గంట కొట్టేది వాళ్ళలో ఒకడు. ఒకప్పుడు దొర బండి తోలినవాడి మనవడో, వంటాయన మనవరాలో ఆ గుంపులో ఉంటారు.

ఆ బండివాడి పేరు ఎక్కడా లేదు. మిషనరీకి భాష నేర్పినవాడు, కృష్ణ దాటించిన పుట్టివాడు, గడప దగ్గర కూర్చొని కథ చెప్పిన బైబిల్ స్త్రీ రిపోర్టుల్లో చాలావరకు "స్థానిక సహాయకులు" అనే మాటలోనే సర్దుకుపోయారు. మన వైపు కూడా ఆ పేర్లు పైకి రాకపోవడానికి ఒక గట్టి కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగలకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. అందుకే చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. తాత బాప్తిస్మం కాగితాన్ని ట్రంకు అడుగున పెట్టి తాళం వేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ తాళాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ కాగితంతో పాటు ఊరి చరిత్రలో సగం అదే ట్రంకులో ఉండిపోయింది.

అందుకని అమరచింత, ఆత్మకూరు, మక్తల్, గద్వాల చుట్టుపక్కల వాడలవాళ్ళకు నాదొక మనవి. మీ ఇంట్లో పాత ఫొటో, బోర్డింగు రిజిస్టరు కాగితం, అవ్వ పాడిన కీర్తనల పుస్తకం, మేజిక్ లాంతరు గాజుపలక ముక్క ఏదున్నా పారేయకండి. ఈ డిసెంబర్‌లో, ముంబై నుంచి అందరూ ఇంటికొచ్చిన వారంలో, ఒక పూట బయటికి తీసి ముసలివాళ్ళ ముందు పెట్టి ఎవరెవరో అడిగి వెనుక పెన్సిల్‌తో రాయండి. పేరు బయటికి రావద్దనుకుంటే మీ ఇంట్లోనే ఉంచుకోండి. రావచ్చనుకుంటే నాకు కబురు పెట్టండి, నేనే మీ ఇంటికొచ్చి రాసుకుంటాను.