ఆటగాడి నుంచి శిక్షకుడిగా: సయ్యద్ నయీముద్దీన్ క్రీడా జీవితం

మీరు వికారాబాద్‌లోనో తాండూరులోనో ఉండి ఈ పాఠం చదువుతుంటే, సికింద్రాబాద్ నుంచి వాడి వైపు వెళ్ళే రైలు మార్గం మీకు కొత్త కాదు. 1874లో ప్రారంభమైన ఈ మార్గం గురించి చరిత్రలో నాపరాళ్ళు, కందులు, సరుకు రవాణా సందర్భంలోనే ఎక్కువగా చదువుతాం. హైదరాబాదుకు బొంబాయి దారి కూడా ఇదే. ఆ బొంబాయిలో అప్పట్లో జరిగిన రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు విజేతగా నిలిచింది.

ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అంతకుముందు బడిపంతులు. భారత జట్టు 1951 (ఢిల్లీ), 1962 (జకార్తా) ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఈ మూడు సందర్భాల్లోనూ శిక్షకుడు ఆయనే. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో మరణించారు. రహీం జీవితం గురించి ఇప్పుడు సినిమా కూడా వచ్చింది కనుక ఇక్కడ ఎక్కువ చెప్పను. ఆ తరువాతి తరానికి చెందిన నయీముద్దీన్ సంగతి మాత్రం మన పుస్తకాల్లో అంతగా కనిపించదు.

నయీముద్దీన్ 1944లో హైదరాబాదులో జన్మించారు. రక్షణ పంక్తి ఆటగాడు. సిటీ పోలీస్ జట్టులో ఆడి, 1960ల మధ్యలో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు ఆయనే నాయకుడు. కాంస్య పతకం కోసం జరిగిన పోటీలో జపాన్‌ను 1–0 తేడాతో ఓడించారు. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు మరో పతకం లేదు.

ఆట మానిన తరువాత శిక్షకుడయ్యారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్‌లు మూడింటినీ ఒకే ఏడాది గెలిచింది. జాతీయ జట్టు 1997లో ఖాట్మండులో, 2005లో కరాచీలో దక్షిణాసియా విజేతగా నిలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. క్రమశిక్షణ విషయంలో కఠినుడని పేరు. 2006లో ఆసియా కప్ అర్హత పోటీల్లో ఓటముల తరువాత ఆ బాధ్యత ఆంగ్లేయుడైన బాబ్ హౌటన్‌కు దక్కింది. శిక్షకుడి ఉద్యోగం అలాంటిది. గెలుపు ఆటగాళ్ళది, ఓటమి ఆయనది.

ఇప్పుడు ఒక వింత గమనించండి. ఆటగాళ్ళకిచ్చే అర్జున అవార్డు 1961లో, శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలయ్యాయి. నయీముద్దీన్‌కు ద్రోణాచార్య 1990లో వచ్చింది, అర్జున 1997లో వచ్చింది. అంటే శిష్యుడిగా గుర్తించడానికి ఏడేళ్ళ ముందే ప్రభుత్వం ఆయనను గురువుగా గుర్తించింది! 1990లోనే ద్రోణాచార్య అందుకొన్న వాలీబాల్ శిక్షకుడు, తెలుగువాడైన ఎ. రమణారావు విషయంలో క్రమం మామూలుగానే ఉంది: అర్జున 1977–78లో, ద్రోణాచార్య ఆ తరువాత.

పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నేను తరచుగా చూసిన పొరపాటు ఒకటుంది. అవార్డు వచ్చిన సంవత్సరాన్నే ఘనత సాధించిన సంవత్సరంగా రాసేస్తారు. ఆ లెక్కన నయీముద్దీన్ మొదట శిక్షకుడు, తరువాత ఆటగాడు అవుతారు. అవార్డుల పట్టిక రాజ్యం ఎప్పుడు చూసిందో చెబుతుంది, మైదానంలో ఏం జరిగిందో చెప్పదు. దానికి స్కోరు వివరాలు, ఆనాటి పత్రికలు, ఆడినవారి మాటలు కావాలి.

శిక్షకుల విషయంలో ఈ చివరి ఆధారమే ముఖ్యం. గోలు కొట్టినవాడి పేరు పత్రికలో అచ్చవుతుంది. అంతకుముందు ఆరునెలలు తెల్లవారుజామున అతణ్ణి పరుగెత్తించినవాడి పని ఎక్కడా నమోదు కాదు. శిష్యుల జ్ఞాపకంలో ఉంటుంది, వాళ్ళతోనే పోతుంది.

అభ్యాసం: మీ ఊళ్ళో ఒకప్పుడు జిల్లా స్థాయిలోనో, రాష్ట్ర స్థాయిలోనో ఆడి, తరువాత బడిలో డ్రిల్లు సారుగా పనిచేసిన వారి వద్దకు వెళ్ళండి. ఆట ఏదైనా ఫర్వాలేదు, బాస్కెట్‌బాల్ కావచ్చు, కబడ్డీ కావచ్చు. ఆయన ఎవరి దగ్గర నేర్చుకొన్నారో, ఎవరికి నేర్పారో అడిగి రాసుకోండి. చెప్పిన సంవత్సరాలను ధ్రువపత్రాలతో, పాత ఫొటోల వెనక రాసిన తేదీలతో సరిచూడండి. రెండూ కలవనిచోట ఏది నమ్మారో, ఎందుకు నమ్మారో పది వాక్యాల్లో రాయండి.